బొమ్మ నా చేతిలో, మోత హాల్లో

కొత్త గేమ్ ట్రైలర్ చూద్దామని ఫోన్ తీశాను. అది నన్ను అడక్కుండానే హాల్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌తో చేతులు కలిపేసింది. బొమ్మ నా గదిలో, మోత హాల్లో.

తెర మీద కొండంత రాక్షసుడు నోరు తెరిచాడు. చప్పుడు లేదు. పాపం, నిద్రొస్తున్నట్టుంది. కవచం తొడిగిన వీరుడు మెల్లగా వెనక్కి తిరిగాడు. సంగీతం ఉంటే ఆ చూపు పగ. లేకపోతే గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం, అంతే.

హాల్లో నాన్నగారు కళ్లజోడు వెతుక్కుంటున్నారు. ఆయన సోఫా దిండు ఎత్తగానే 'బ్రామ్మ్' అని గోడలు అదిరాయి. 2010లో 'ఇన్‌సెప్షన్' సినిమా ట్రైలర్లతో పేరు తెచ్చుకున్న ఆ బూరల గర్జనని గేమ్‌ల వాళ్లు కూడా తెగ వాడేశారు. ఆ తర్వాత శ్రుతి పైపైకి పాకడం మొదలైంది. నాన్నగారు అలమర వైపు నడిచారు. డప్పులు జోరందుకున్నాయి. ఆయన నడకా జోరందుకుంది. తలుపు మీద చెయ్యి వేశారో లేదో, అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

ట్రైలర్లలో ఆ ఖాళీని ఊరికే వదలరు. గొప్ప డైలాగ్ ఒకటి అక్కడ పడుతుంది. ఇక్కడ అమ్మ అందుకుంది:

"నెత్తి మీదే ఉంది, చూసుకోండి."

ఢాం!

నవ్వాపుకుని చూసేసరికి ఫోన్ తనంతట తానే తర్వాతి ట్రైలర్‌లోకి వెళ్లిపోయింది. 2011లో వచ్చిన 'డెడ్ ఐలాండ్'. సెలవులకి రిసార్ట్‌కి వచ్చిన కుటుంబం మీద జాంబీలు పడతాయి, కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది. నాకు కనిపించేదంతా రక్తమూ గొడ్డలీ. హాల్లో వినిపించేది మాత్రం జైల్స్ ల్యాంబ్ కట్టిన దిగులు పియానో. 2006లో 'గేర్స్ ఆఫ్ వార్' గేమ్ ట్రైలర్‌లో తుపాకుల మీద విషాదగీతం పెట్టారు కదా, ఆ బాపతే. భీకరమైన బొమ్మకి మెత్తటి రాగం తగిలిస్తే గుండె ఇట్టే కరుగుతుంది. బొమ్మ లేకపోయినా కరుగుతుందని ఆరోజే తెలిసింది. నాన్నగారు కరెంటు బిల్లు పట్టుకుని కూర్చున్నారు, కళ్లు చెమర్చాయి.

"అంత వచ్చిందా అండీ?" అంది అమ్మ కంగారుగా.

"బిల్లు మామూలే. ఎందుకో మా నాన్న గుర్తొచ్చాడు."

ఇక లాభం లేదని వెళ్లి బ్లూటూత్ కట్టేశాను. నాన్నగారు కళ్లు తుడుచుకుని నా వైపు చూశారు.

"ఈ ఏడుపు రాగం వద్దుగానీ, ఆ ముందుది మళ్లీ పెట్టరా. బీరువా తాళాలు కూడా కనబడటం లేదు."