వెంట్రుకవాసికి పదకొండు కోట్లు

సంపన్నుల కష్టాల గురించి మన దగ్గర ఎవరూ రాయరు. రైతు గురించి రాస్తారు, నిరుద్యోగి గురించి రాస్తారు. చొక్కా కఫ్ కింద వాచీ ఉబ్బెత్తుగా కనబడి నలుగురిలో తలదించుకునే పెద్దమనిషి గోడు ఎవరికి పట్టింది? స్విట్జర్లాండ్‌కి పట్టింది. నూరేళ్లకు పైగా ఆయన కోసమే అక్కడ రాత్రింబవళ్లు అరగదీస్తున్నారు.

1907లోనే లెకూల్ట్ర్ వాళ్లు జేబు గడియారపు యంత్రాన్ని 1.38 మిల్లీమీటర్ల మందంలో చేసి చూపించారు. 1957లో పియాజే సంస్థ చేతి గడియారం కోసం చేసిన 9పి యంత్రం మందం 2 మిల్లీమీటర్లు. పళ్లచక్రాలు, స్ప్రింగు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం, అన్నీ అందులోనే ఇమిడాయి. ఇక్కడిదాకా అచ్చమైన పనితనం. వెటకారం పక్కన పెట్టి దండం పెడుతున్నాను.

తర్వాతే పూనకం మొదలైంది. బ్యాటరీతో నడిచే జపాన్ క్వార్ట్జ్ వాచీల దెబ్బకు స్విస్ ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజులవి. ఇల్లు కాలుతుంటే ఎవరైనా నీళ్లకోసం పరిగెత్తుతారు. స్విస్ వాళ్లు సన్నబడటానికి పరిగెత్తారు. 1979లో 1.98 మిల్లీమీటర్ల బంగారు వాచీ తెచ్చి జపాన్ వాళ్లను ఓడించారు. దాని పేరు డెలిరియం, అంటే మతిభ్రమ. పేరు పెట్టడంలో మాత్రం నిజాయితీ చూపారు. ఆ వరసలో ఒకటి 0.98 మిల్లీమీటర్లకు కూడా దిగింది, కాకపోతే చేతికి కట్టుకుంటే వంగిపోయేది. అంత నాజూకు వస్తువును చేతికి కట్టుకోవాలనుకోవడం కొనేవాడి అత్యాశ.

ఈ ఘనచరిత్రలో ఒక అపచారం జరిగింది, చెప్పక తప్పదు. డెలిరియంలో మందం తగ్గించడానికి వాచీ వెనక మూతనే పీటగా చేసి, భాగాలన్నీ నేరుగా దానిమీద బిగించారు. అదే కిటుకు 1983లో స్వాచ్ అనే ప్లాస్టిక్ వాచీలోకి పాకింది. మొత్తం 51 భాగాలు, ధర 50 ఫ్రాంకుల లోపే. కోటీశ్వరుల కోసం కనిపెట్టిన విద్య కాలేజీ పిల్లల చేతికెక్కింది. స్విస్ వాచీల పరిశ్రమ బతికి బట్టకట్టడంలో ఆ ప్లాస్టిక్ ముక్కకే పెద్ద వాటా ఉందంటారు. పరువుగల ఇళ్లలో ఈ సంగతి ఎత్తకండి.

అదృష్టవశాత్తూ మర్యాద మళ్లీ నిలబడింది. 2018లో పియాజే మొత్తం వాచీనే 2 మిల్లీమీటర్లకు తెచ్చింది. స్విస్ అయిదు ఫ్రాంకుల నాణెం మందం 2.35. అంత పలచగా చేస్తే బంగారం వంగిపోతుందని కోబాల్ట్ మిశ్రమం వాడారు. గొప్పతనాన్ని తులాల్లో తూచే మనకు ఈ త్యాగం ఎక్కడ అర్థమవుతుంది!

2022 మార్చిలో నగలు, వాచీలు చేసే బుల్గారి కంపెనీ 1.80 మిల్లీమీటర్లతో వచ్చింది. ధర 4 లక్షల యూరోలు. అంత ఇరుకులోనూ ఒక చక్రం మీద క్యూఆర్ కోడ్ చెక్కారు. స్కాన్ చేస్తే డబ్బులు పడతాయేమో అనుకోకండి, పడేది డిజిటల్ యాజమాన్య పత్రం, అంటే ఎన్ఎఫ్‌టీ. ఆ సంబరం నాలుగు నెలలు నిలవలేదు. జూలైలో వాచీల తయారీదారు రిషార్ మిల్, ఫెరారీతో కలిసి, 1.75 మిల్లీమీటర్ల వాచీ దించాడు. ధర 18 లక్షల 88 వేల డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 15 కోట్ల రూపాయలు. టైమ్ సరిచేసుకోవాలంటే ప్రత్యేకంగా ఒక పనిముట్టు కావాలి. ముళ్లు తిరిగేది చిన్న గుండ్రటి చోటులో, మిగతా ముఖమంతా దాదాపు ఖాళీ టైటానియమే. రెండు వాచీల మధ్య తేడా 0.05 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకవాసి. ఆ వెంట్రుకకు పదకొండు కోట్ల పైచిలుకు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి ఉత్త చేతులతో తిరిగొచ్చే వాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

2024లో బుల్గారి 1.70కి దిగి ఊపిరి పీల్చుకుంది. అదే ఏడాది కాన్స్టాంటిన్ చాయ్‌కిన్ అనే రష్యన్ 1.65 మిల్లీమీటర్ల నమూనా పట్టుకొచ్చాడు. దాని పేరు థింకింగ్. అంత సుకుమారిని నడిపించడం మర్యాద కాదని, అది కూర్చోవడానికి అంతకన్నా మందపాటి పల్లకి ఒకటి, అంటే వాచీని పెట్టుకునే తొడుగు, విడిగా చేయించాడు. వాచీకి కీ ఇచ్చే చాకిరీ కూడా ఆ పల్లకిదే.