ఖలేజాను ఫ్లాప్ చేసిందెవరు? కమిషన్ వేయాల్సిందే!

ప్రాజెక్టుల మీద ఒక కమిషన్, కరెంటు కొనుగోళ్ల మీద ఒక కమిషన్ వేసుకున్న రాష్ట్రం మనది. ఇంకొక్కటి వేస్తే కొంపలేం మునగవు. విచారించాల్సింది కూడా ఒక్కటే ముక్క: 2010 అక్టోబర్ 7, గురువారం నాడు విడుదలైన మహేష్ బాబు సినిమా ఖలేజాను ఫ్లాప్ చేసిందెవరు?

ఇప్పుడెందుకీ గొడవ అంటారా, నల్లగొండలో నేను అడిగిన ఒక్క మనిషి కూడా ఆ పని తాను చేశానని ఒప్పుకోవడం లేదు. క్లాక్ టవర్ దగ్గర పొద్దున చాయ్‌కి కలిసే మా బ్యాచ్‌లో తొమ్మిది మందిమి. తొమ్మిది మందికీ మొదటి రోజే నచ్చిందట. మా మేనబావ అయితే చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ, "గప్పుడే చెప్పిన గదరా, ఇది పదేండ్లు ముందుగాల వచ్చిన సినిమా అని" అంటాడు. ఆ రోజు బావ నా పక్క సీట్లోనే ఉన్నాడు. తను అన్నది నాకు బాగా గుర్తుంది. "పైసలు గంగల కలిసినయ్, లే పోదాం" అన్నాడు. అప్పటికింకా ఇంటర్వెల్ కార్డు కూడా పడలేదు.

మరి ఫ్లాప్ ఎట్లా అయింది? అందరికీ నచ్చిన సినిమా దానంతటదే పోయిందా? పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా కదలకుండా ఒక నీడ పడుతుంది, ముందు ఇన్ని స్తంభాలున్నా అది ఏ స్తంభం నీడో పట్టుకోలేం. దానికైనా కాంతి ఎట్లా చెదురుతుందో సైన్సు చదివినవాళ్లు లెక్క తేల్చారు. ఈ ఫ్లాపు నీడ ఎవరిదో మాత్రం తేల్చిన నాథుడు లేడు.

కమిషన్ ముందుకు నా వంతు సాక్ష్యం నేనే చెప్పేస్తాను. ఆ గురువారం పెత్రమాస, అంటే పితృ అమావాస్య. ఊళ్లల్లో ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చొచ్చి, మేం టికెట్ల కోసం బయల్దేరుతుంటే మా నానమ్మ గడపలో కూర్చుని తంగేడు పూలు ఏరుతూ, "పెత్రమాస నాడు సినిమా ఇడుస్తరా ఎవడన్న? ఆడదు గాక ఆడదు" అన్నది. ఇంటికొచ్చిన మొదటి రివ్యూ అది, సినిమా చూడకుండానే. మిగతా రివ్యూలకూ దీనికీ పెద్ద తేడా లేదని తర్వాత అర్థమైంది.

హాలు నిండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అతిథి వచ్చి మూడేళ్లయింది, మహేష్ బాబు తెర మీద కనబడక జనం కరువులో ఉన్నారు. పైగా త్రివిక్రమ్. అతడులో గన్ను పట్టుకుని, నాలుగు మాటలు మాట్లాడటానికి నలభై సార్లు ఆలోచించిన మహేష్, ఇక్కడ టాక్సీ డ్రైవర్ వేషంలో ఆపకుండా మాట్లాడుతున్నాడు, తిడుతున్నాడు, వెటకారం చేస్తున్నాడు. జనం గన్ను కోసం వచ్చారు, నోరు దొరికింది. నవ్వాలో వద్దో తెలియక పక్కవాడి మొహం చూసుకుంటూ కూర్చున్నారు, పక్కవాడు వాడి పక్కవాడి మొహం చూస్తున్నాడు. ఇంటర్వెల్‌లో సమోసాలు మిగిలిపోయాయి. ఉల్లిగడ్డ సమోసాల తట్ట నెత్తికెత్తుకుని వరుసల మధ్య తిరిగే కాకా ఒక్కడే ఆ హాల్లో నిజం చెప్పిన మనిషి: "సినిమా బాగుంటే ఆకలైతది బిడ్డా." మంగళవారానికి గేటు దగ్గర బ్లాకు టికెట్ల పోరగాడు కౌంటర్ రేటు కన్నా పది రూపాయలు తక్కువకే ఇస్తానని బతిమాలాడు. ట్రేడ్ వాళ్లు లెక్కలేవో వేస్తుంటారు గానీ, బ్లాకు టికెట్టు కౌంటర్ రేటు కంటే కిందికి దిగిందంటే ఇంక పంచనామా అక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను, కమిషన్ వారు ఇక్కడ కాస్త పెన్ను ఆపి వినాలి.

ఆ సినిమా కథేంటి? ఊరి కింద ఇరిడియం ఉంటుంది. దాని కోసం ఊరినే లేకుండా చేయాలని చూసే పెద్ద కంపెనీ యజమాని. ఏ జబ్బో తెలియకుండా వరుసపెట్టి రాలిపోయే జనం. తమను కాపాడటానికి దేవుడొస్తాడని ఎదురుచూసే ఆ జనానికి దొరికిన టాక్సీ డ్రైవర్. ఇదీ కథ. దీనికి మా వెనక వరుసలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఇచ్చిన తీర్పు నా చెవుల్లో ఇంకా ఉంది. "భూమిలకెల్లి ఊరు సచ్చుడేంది? నమ్మెటట్టు తీయాలె గద!" అన్నాడు. అంటూ లేచి నిలబడబోయి, మోకాళ్లు సాగక, ముందు సీటు పట్టుకుని రెండు విడతల్లో లేచాడు. పక్కనున్న కొడుకు చేయందించాడు.

లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగొద్దని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోర్లకు ఆ ప్రమాణం సంగతి ఎవరూ చెప్పలేదు. రాళ్లలో ఉన్నది నీళ్లలోకి, నీళ్లలో ఉన్నది పళ్లలోకి, ఎముకల్లోకి దిగి, తరాల కొద్దీ మనుషులు వంగిపోయిన జిల్లా ఇది. ఆ జిల్లావాళ్లం ఏసీ లేని హాల్లో చెమటలు కక్కుతూ కూర్చుని, భూమి లోపలున్న ఖనిజం వల్ల ఊరు చచ్చిపోతుందంటే లాజిక్ లేదన్నాం. రాజస్థాన్ ఇసుకలో పాట పెడితే మాత్రం లాజిక్ అడగలేదు.

నిజానికి ఫ్లాపులు మాకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. సాగునీళ్లు ఇవ్వండి, ఫ్లోరైడ్ లేని తాగునీళ్లు ఇవ్వండి అని అడిగీ అడిగీ విసిగిపోయి, జలసాధన సమితి పిలుపు మీద ఊళ్లకు ఊళ్లే నామినేషన్లు వేశాయి. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం, 477 మందికి డిపాజిట్ గల్లంతు. సినిమా భాషలో చెప్పాలంటే ఇంత పెద్ద తారాగణంతో ఇంత పెద్ద డిజాస్టర్ లోక్‌సభ ఎన్నికల్లో ఇంకెక్కడా లేదని అనిపిస్తుంది గానీ, ఢిల్లీ వాళ్లు సినిమా బాగానే చూశారు. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్లు అడిగితే టికెట్టు రేటు పెంచిన మొట్టమొదటి ప్రొడ్యూసర్ మన ప్రభుత్వమే. ఇప్పుడు చూడండి, ఎన్నికలొస్తే చాలు, టీవీ చర్చల్లో ఆ 480 మంది ముచ్చట మళ్లీ రిలీజ్ అవుతుంది. అప్పుడు నామినేషన్ వేసిన వాళ్లను వెర్రివాళ్లన్న మా పక్కింటి తాత కూడా "మేం దేశాన్నే గడగడలాడించినం" అంటాడు. తాత నామినేషన్ వేయలేదు.

ఇంకో సాక్ష్యం. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం వెతుకుతారని వార్త వచ్చి, సేవ్ నల్లమల అని ఉమ్మడి పాలమూరు నుంచి హైదరాబాద్ దాకా అందరూ లేచారు. సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ వారం మా బావ వాట్సాప్ స్టేటస్ ఏంటో తెలుసా? ఖలేజా క్లైమాక్స్ క్లిప్పు. కింద దండం ఎమోజీ. "తొమ్మిదేండ్ల కిందనే చెప్పిండు త్రివిక్రమ్, మనకే అర్థం గాలె" అని పొడుగాటి కామెంట్. ఆ "మనకే"లో నన్నెందుకు కలిపాడని అడిగితే సమాధానం లేదు.

మధ్యలో జరిగిందేంటంటే టీవీ. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే, రిమోట్ ఎక్కడో మంచం కింద ఉంటే, ఖలేజా వచ్చింది. మళ్లీ వచ్చింది. టికెట్టు కొనలేదు కాబట్టి గన్ను ఎక్కడని ఎవరూ అడగలేదు, నోటిని విన్నారు, నవ్వారు. మీమ్స్ పిల్లలు మిగతా పని చేశారు. నా సిద్ధాంతం ఏంటంటే, పోసిన డబ్బులు మర్చిపోవడానికి మనిషికి ఎంత కాలం పడుతుందో సినిమా కల్ట్ కావడానికీ అంతే పడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు మాత్రం ఆ మరుపు ఇంకా రాలేదు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ఆరెంజ్ సంగతీ ఇంతే. నిర్మాత నాగబాబు ఆ నష్టాల గురించి తానే బయట చెప్పుకున్నారు, 2023లో అదే సినిమాకు కుర్రాళ్లు హాళ్లల్లో నిలబడి పాటలన్నీ పాడారు. ప్రేమ కొంత కాలమే ఉంటుందని హీరో అన్నందుకు అప్పుడు తిట్టినవాళ్లకు ఈ మధ్యలో పెళ్లిళ్లయ్యాయి, అది వేరే విషయం.

2025 మే 30న ఖలేజా మళ్లీ విడుదలైంది. బావా నేనూ వెళ్లాం. మా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది 2010లో అంగన్‌వాడీలో ఉండి ఉంటారు. హీరో నోరు తెరవకముందే డైలాగు వాళ్ల నోట్లోంచి వచ్చేస్తోంది, చింపిన కాగితాలు ఫ్యాన్ గాలికి తిరిగి మా నెత్తి మీదే పడుతున్నాయి. సదాశివా పాటకు ముందు వరుసల్లో నిలబడ్డవాళ్లు పాట అయ్యేదాకా కూర్చోలేదు. బావ వాళ్లకంటే గట్టిగా ఈల వేశాడు, దగ్గొచ్చి ఆగిపోయాడు. ఇంటర్వెల్‌లో బయటికొస్తే సమోసా కాకా. నెత్తి మీది తట్ట పోయి చిన్న అద్దాల స్టాల్ అయింది. సమోసాలు అయిపోయాయి, ఖాళీ పళ్లెంలో నాలుగు మిరపకాయలున్నాయి. "చూసినవా కాకా, ఎట్లాడుతుందో!" అన్నాడు బావ, సినిమా తనే తీసినట్టు.

"గప్పుడు మిగిలిన ఇరవై డజన్ల పైసలు ఇయ్యి ముందు" అన్నాడు కాకా.

కమిషన్‌కు ఈయన్ని మొదటి సాక్షిగా పిలవాలని నా మనవి. ముద్దాయిలం ఎట్లాగూ చాలామందిమి ఉన్నాం, జైల్లో పట్టం.

మొన్న శుక్రవారం కొత్త సినిమా ఒకటి చూడబోయాం. పేరు చెప్పను, పాపం వాళ్ల కష్టం వాళ్లది. హీరో ఏదో మాట్లాడుతున్నాడు, మాకు అర్థం కాలేదు, పక్కవాళ్లకూ కాలేదని మొహాలు చూస్తే తెలుస్తోంది. ఇంటర్వెల్‌కే లేచాం. గేటు దగ్గర టికెట్టు ముక్క నలిపి పారేయబోతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచుర, దాసిపెట్టు. పదిహేనేండ్లకు పనికొస్తది."