ఎవెరోలిమస్ అన్ని ఫిట్స్‌కు కాదు

కణాలను పెరగమని చెప్పే ఎంటార్ సంకేతాన్ని అడ్డుకునే ఎవెరోలిమస్ గోలీ మూర్ఛకు కొత్త ఆశ అని ఓ వ్యాసంలో రాశారు. ఏ మూర్ఛకో చెప్పలేదు. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువులు ఎంటార్‌కు బ్రేకుల్లాంటివి. ఒకటి చెడినా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. అలా వచ్చే జబ్బే ట్యూబరస్ స్క్లెరోసిస్. ఆ జబ్బు ఫిట్స్‌కే 2018లో అమెరికా దీన్ని అనుమతించింది, అదీ మామూలు మందులకు తోడుగా. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి ఫిట్స్ మందులు వాడుతుంటే కాలేయం దీన్ని తొందరగా ఖర్చు చేసేస్తది. అందుకే పొద్దున గోలీ వేసే ముందే రక్తం తీసి చూడాలి: మిల్లీలీటరు రక్తానికి మందు 5 నుంచి 15 నానోగ్రాములు ఉండాలి. నోటిపూత మామూలే, జ్వరమొస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. పంపర పనస తినొద్దు, రక్తంలో మందు పెరిగిపోతది. మన నల్లగొండ బత్తాయి వేరే జాతి, దానికి ఆ పేచీ లేదు.