సవరణ: హాడ్జ్‌కిన్‌కి నోబెల్ ఇన్సులిన్ వల్ల కాదు

ఇన్సులిన్ స్ఫటికాల మీద పెట్టిన పోస్టులో, బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్‌కి 1964లో నోబెల్ ఇన్సులిన్ నిర్మాణం కనుక్కున్నందుకే వచ్చిందని రాశాను. అది తప్పు. బహుమతి ప్రదాన ప్రసంగంలో ప్రధానంగా చెప్పింది పెన్సిలిన్, విటమిన్ బి12 గురించి. ఇన్సులిన్‌ని ఆమె ఎక్స్‌రే ఫొటో తీసింది 1935లోనే అయినా, నిర్మాణం తేలింది 1969లో. అంటే నోబెల్ వచ్చిన ఐదేళ్లకి!

ఆ స్ఫటికాలు కొత్త ఇన్సులిన్ మందులకి ఎలా దారి చూపాయన్న సంగతి మాత్రం మారదు. జింకుతో కలిసి ఆరేసి ఇన్సులిన్ అణువులు గుంపు కడతాయి. ఆ పట్టులో బి గొలుసు (ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలతో కట్టిన రెండు గొలుసుల్లో ఒకటి) చివరి భాగం ఎక్కడ తగులుతుందో స్ఫటికాలే చూపించాయి. లిస్‌ప్రో అనే వేగంగా పనిచేసే ఇన్సులిన్ మందులో అక్కడి 28, 29 స్థానాల్లోని ప్రోలిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలను తారుమారు చేశారు. దాంతో గుంపు త్వరగా విడిపోయి మందు తొందరగా రక్తంలోకి చేరుతుంది. కణాల మీద ఇన్సులిన్ అతుక్కునే రిసెప్టర్‌ని గట్టిగా పట్టుకోవడం వల్ల వచ్చిన వేగం కాదది. కొందరు అలా అర్థం చేసుకున్నారు.