సిగ్నల్ లేని షష్టిపూర్తి

మా బావగారి షష్టిపూర్తి మొన్న ఆదివారం కడపలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. ఆయన నిక్కరు వేసుకున్న నాటి నలుపు తెలుపు ఫోటో మొదలుకొని మనవరాలి అన్నప్రాసన దాకా అన్నీ నా ఫోనులోనే ఉన్నందువల్ల, వాటిని వేదిక పక్కనున్న పెద్ద టీవీలో చూపించే పని మా అక్క నాకు అప్పగించింది. టీవీ పాతది, దానికి వైఫై లేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక మొబైల్ దుకాణంలో అడిగితే, బంగారు అక్షరాలతో "4కే" అని అచ్చువేసిన అడాప్టరు డబ్బా ఒకటి చేతిలో పెట్టి, "టైప్-సీ అంటే టైప్-సీనే సార్, ఏ ఫోనుకైనా పడతాది, ఇట్ల పెడితే అట్ల బొమ్మ వస్తాది" అన్నాడు దుకాణదారు. పట్టడం వరకు ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

హోమం, మాంగల్యధారణ వగైరాలను వదిలేసి నేరుగా ఆశీర్వచనం దగ్గరికి వస్తాను. అడాప్టరును ఫోనుకు తగిలించి, టీవీకి బొమ్మను మోసే హెచ్‌డీఎంఐ తీగను దానికి తగిలించగానే అడాప్టరు మీద నీలిరంగు దీపం చక్కగా వెలిగింది. ఆ దీపాన్ని చూసి నేను మైకులో "ఇప్పుడు బావగారి జీవిత చిత్రమాలిక" అని ప్రకటించాను. టీవీ కాసేపు ఆలోచించి, "సిగ్నల్ లేదు" అని రాసి ఉన్న చిన్న పలకను తెర మీదికి వదిలింది. ఆ పలక ఒకచోట ఉండక, అంచుకు తగిలి వెనక్కి మళ్లుతూ, మళ్లీ ఇంకో అంచుకు తగులుతూ తెరంతా తిరగడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బావగారు గుంతకల్లు డివిజన్‌లో రైల్వే సిగ్నల్ విభాగంలో జీవితమంతా పనిచేసి, పోయిన నెలలోనే పదవీ విరమణ చేశారు. ముందు రెండు వరుసల్లోనూ ఆయన విభాగం వాళ్లే కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దమనిషి మండపమంతా వినబడేటట్లు, "ఏందబ్బా, నువ్వు రిటైరై నెల కాలేదు, అప్పుడే ఇట్లయిపాయ?" అన్నాడు. ఇంకొకాయన లేచి వచ్చి, వృత్తిధర్మం కొద్దీ, ప్రతి అతుకునూ వేళ్లతో నొక్కి చూసి, "కరెంటు వస్తాంది, సమాచారం రాలేదు" అని తీర్పు చెప్పి వెళ్లి కూర్చున్నాడు. తరువాత నేను చదివి తెలుసుకున్న దానికంటే ఆ తీర్పే సూటిగా ఉంది. ఇంతలో పిల్లలు ఆ పలక సరిగ్గా మూలకు తగులుతుందా లేదా అని పందెం వేసుకోసాగారు. చూస్తుండగానే పెద్దలు కూడా అటు తిరిగారు. పురోహితులు శతమానం చదువుతూనే ఒక కన్ను తెర మీద వేశారు. పలక కుడివైపు పై మూలకు వెంట్రుకవాసిలో తప్పినప్పుడల్లా మండపమంతా నిట్టూర్చేది. చివరికి అది సూటిగా మూలకు తగిలిన క్షణంలో "తగిలె!" అని అందరూ ఒక్క పెట్టున అరిచి, చేతుల్లో ఉన్న అక్షతలను ఆ ఊపులో టీవీ మీదికి చల్లారు. దంపతుల మీద పడినవి తక్కువ.

విషయమేమిటంటే, టైప్-సీ అనేది కేవలం కన్నం ఆకారం. 24 పిన్నులతో, ఎటు తిప్పి పెట్టినా పట్టేటట్లు, దాన్ని 2014లో ఖరారు చేశారు. దాని వెనుక ఏముందనేది వేరే లెక్క. టీవీలో బొమ్మ రావాలంటే ఫోనులోని ప్రాసెసర్ డిస్‌ప్లేపోర్ట్ అనే బొమ్మ సంకేతాన్ని తయారుచేసి, ఆ పిన్నులలో వేగంగా నడిచే జతల మీదుగా బయటికి పంపాలి. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే ఈ ఏర్పాటు ఉంటేనే అడాప్టరు దాన్ని హెచ్‌డీఎంఐగా మార్చగలదు. ప్రాసెసర్‌కు ఆ శక్తి లేకపోయినా, ఉండి కూడా తయారీదారు ఆ గీతలను కన్నం దాకా లాగకపోయినా, దీపం మాత్రం వెలుగుతుంది, ఎందుకంటే దానికి కావలసింది కరెంటే. ఒకే ఆకారపు కన్నం వెనుక 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 ఉంటే సెకనుకు 480 మెగాబిట్లు, అదే కన్నం వాడే మరో పద్ధతి, 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 ఉంటే 40 గిగాబిట్లు, అంటే ఎనభై రెట్లకు పైగా తేడా ఉంటుంది. పోనీ 2.0 అని ఉంటే బొమ్మ రాదని గుర్తుపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. 2023 నాటి ఐఫోన్ 15లో డేటా వేగం ఆ 480 మెగాబిట్లే, అయినా అది టీవీకి బొమ్మను పంపుతుంది.

ఇక అంకెల సంగతి. 2008లో 5 గిగాబిట్ల వేగంతో వచ్చిన యూఎస్‌బీ 3.0నే, 3.1 రాగానే 3.1 జెన్ 1 అన్నారు, 3.2 రాగానే 3.2 జెన్ 1 అన్నారు. వేగం పెరిగింది లేదు, తగ్గింది లేదు. పేర్లు మారడం మా కడపవాళ్లకు కొత్తేమీ కాదు. 2005లో ఇంగ్లిషు స్పెల్లింగు మారింది, 2010లో జిల్లా పేరు వైఎస్సార్ జిల్లా అయింది. అయినా బోర్డు మీద ఏ పేరున్నా బస్సెక్కినవాడు కడపలోనే దిగాడు. ఫోను డబ్బా మీద కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో బొటనవేలంత అక్షరాల్లో వేసే మహానుభావులు, ఆ కన్నం ఏం చేస్తుందో, ఏం చేయదో ఒక్క ముక్క రాయడానికి చోటు లేదన్నట్లు ఊరుకుంటారు.

ఫోటోలు ఎవరో కుర్రవాడు పెన్‌డ్రైవులోకి ఎక్కించి టీవీ వెనుక గుచ్చితే వచ్చాయి, కానీ అప్పటికి జనమంతా ఓళిగల పంక్తిలో ఉన్నారు.

మరునాడు అడాప్టరు వాపసు ఇవ్వడానికి వెళితే, దుకాణదారు దాన్ని తన ఫోనుకు తగిలించి, గోడ మీది టీవీలో బొమ్మ తెప్పించి, "సరుకు బాగుంది సార్, మీ ఫోనే మార్చాల" అని రెండు కొత్త ఫోన్లు తీసి బల్ల మీద పరిచాడు. విప్పిన డబ్బా వాపసు తీసుకోరట. నా ముఖం చూసి జాలిపడి, ఆ డబ్బుకు సరిపడా కాకపోయినా ఏదో ఒకటి ఇస్తానని, ఫోను తెరకు టెంపర్డ్ గ్లాసు ఒకటి ఉచితంగా అంటించి పంపాడు. అది వేరే మోడలుది. ముందు కెమెరా మూసుకుపోయింది.