వయ్యారిభామకు ఏడో టేకు

గత ఆదివారం కృష్ణ ఒడ్డున ఓ పార్కులో ఒకే ఒక్క వయ్యారిభామ కలుపుమొక్కను ఏడుసార్లు పీకడం కళ్లారా చూశాను.

హైస్కూలు పిల్లలు స్వచ్ఛందంగా పార్కు బాగుచేసే కార్యక్రమం అది. స్వచ్ఛందంగా అంటే, రానివాళ్ల పేర్లు డ్రిల్లు మాస్టారు రాసుకుంటారన్నమాట. మా అక్క మనవణ్ణి దింపడానికి వెళ్లి ఇరుక్కుపోయాను. పిల్లల్ని ఆరున్నరకే రమ్మన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి తొమ్మిదీ పది. బెజవాడ ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఈలోగా ఫ్లెక్సీకి అడ్డమొస్తోందని వేపకొమ్మ ఒకటి కొట్టేశారు. ఫ్లెక్సీ మీద ‘చెట్లను కాపాడుదాం’ అని ఉంది. దాని చుట్టూ 11 ఫొటోలు. ఒక్కటీ చెట్టుది కాదు.

అతిథిగారు వంగి మొక్క పీకారు. ‘సార్, మొహం పడలేదు’ అన్నాడు కెమెరా కుర్రాడు. ఓ పిల్లాడు పరిగెత్తుకెళ్లి మొక్కను అదే గుంటలో పెట్టి, మట్టి కప్పి, కాలితో తొక్కాడు. రెండోసారి కండువా జారింది. మూడోసారి వెనక ఎవరో ఆవలించారు. నాలుగోసారి సారు ముట్టుకోకుండానే మొక్క ఒరిగిపోయింది, పాపం దానికీ అలవాటైపోయింది. ఐదోసారికి వేళ్లు ఊడిపోతే పుల్లకు కట్టి నిలబెట్టారు. 1950ల్లో అమెరికా గోధుమలతో పాటు మన దేశంలో దిగిందంటారు ఈ కలుపు. అప్పట్నుంచీ దానికింత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు. వనమహోత్సవాల్లో మొక్కల్ని కూడా ఇంత శ్రద్ధగా నాటగా నేను చూళ్లేదు.

ఏడోది ఓకే అయింది. చప్పట్లు. థర్మాకోల్ ప్లేట్లలో ఇడ్లీ.

వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్లతో సహా పీకాలి, ఉత్తచేతులతో ముట్టుకోకూడదు. దీనికి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం దాకా వెళ్లి శాస్త్రవేత్తల్ని అడగక్కర్లేదు, పొలం చేసే ఎవరైనా చెబుతారు. ఒక్కో మొక్కకు గింజలు వేలల్లో ఉంటాయి. ఒంటికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. అక్కడ పార్కంతా తెల్లగా పూసి ఉంది. గ్లౌజులు ఒకే జత ఉన్నాయి, అవి అతిథిగారి చేతులకున్నాయి! సాయంత్రానికి మావాడి ముంజేతులు కందిపోయాయి, రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాడు. సిగ్గుండక్కర్లేదా? 11 మొహాలు అచ్చేయించడానికి డబ్బులుంటాయి, పిల్లల చేతులకు గ్లౌజులు కొనడానికి ఉండవా?

అయినా మావాడూ, వాడి స్నేహితులిద్దరూ నిన్న మళ్లీ వెళ్లారు. మా ఆవిడ ఇచ్చిన పాత సాక్సులు చేతులకు తొడుక్కుని, మిగిలినవి పీకేద్దామని. గేటు దగ్గర ఆపేశారు.

‘లెటరుందా?’

‘లేదండీ. కలుపు తీద్దామని వచ్చాం.’

‘అయితే టికెట్ తీసుకోండి. లోపల మొక్కలు మాత్రం ముట్టుకోవద్దు, బోర్డు చూళ్లేదా?’