అక్షరాలకు కూడా ఒక కమిటీ వేయండి

ఈసారి అట్లాంటాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలకు వచ్చినవాళ్లందరూ వేదిక వెనక ఎల్‌ఈడీ తెర చూసే ఉంటారు. మామిడాకులు, వేపపూత, కలశం, మధ్యలో బంగారు రంగులో పెద్దపెద్ద అక్షరాలు. దూరం నుంచి కళకళలాడింది. దగ్గరికెళ్లి చదవబోతేనే తంటా. ‘ఉగాది’లో చివరి గుడి ఎగిరిపోయి దాని చోట ఎక్కడా లేని మెలిక ఒకటి వచ్చింది. ‘శుభాకాంక్షలు’ ఉండాల్సిన చోట ఏ వర్ణమాలలోనూ లేని సున్నలు, కొమ్ములు. ఏఐకి చెప్పి చేయించిన బొమ్మ అని చూడగానే తెలిసిపోతోంది. అంతవరకే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణంలో నా రాశికి ఆదాయం కంటే వ్యయమే ఎక్కువని విని, ఎప్పట్లాగే ఇంటికొచ్చేసేదాన్ని.

ఆ తెర ముందు పట్టు లంగా వేసుకున్న పిల్ల ఒకతి, మనబడి తెలుగు తరగతుల్లో చదువుకుంటోంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి చదివి వినిపిద్దామని వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. ‘ఉ... గా...’ అని ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. ‘ఈ లెటర్ మాకు ఇంకా చెప్పలేదు అమ్మమ్మా’ అంది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చూసి, ‘నాకూ చెప్పలేదమ్మా’ అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. పిల్ల నవ్వలేదు. తనకే రాలేదనుకుంది పాపం.

కమిటీలో ఉన్న ఒక తమ్ముడితో ఈ మాటంటే, ‘ఎవరు చదువుతారక్కా, ఫొటోల్లో అదిరిపోయిందిగా’ అన్నాడు. మంచి కుర్రాడు. పొద్దున్నుంచీ కుర్చీలు మోసి అలసిపోయి ఉన్నాడు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది.

నేను అట్లాంటాలో గ్రాఫిక్ డిజైనర్‌ని. పగలు కంపెనీల కోసం ప్యాకేజింగ్, బ్రోచర్లు చేస్తాను. రాత్రిళ్లు, శనాదివారాలు మన సంఘాల ఫ్లయర్లు. ఒక్క సంఘం అని కాదు. ఆల్ఫరెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల ఎన్ని సంఘాలు ఉన్నాయో, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లయర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే పద్ధతి.

రాత్రి పడుకోబోయే ముందు వాట్సాప్ మోగుతుంది. ‘అక్కా, చిన్న ఫ్లయర్. రేపు పొద్దున్నే పోస్ట్ చేయాలి, ఏమీ అనుకోవద్దు.’ విషయం అడిగితే నోట్‌బుక్ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతారు. స్పాన్సర్ల లోగోలు అడిగితే వాట్సాప్‌లో పదిచోట్ల తిరిగి అరిగిపోయిన బొమ్మలు వస్తాయి. అక్కడి నుంచి అసలు కథ. డైమండ్ స్పాన్సర్ లోగో ప్లాటినం స్పాన్సర్ లోగో కంటే చిన్నదిగా కనిపిస్తోందని ఒకరు. ఈసీ, అంటే కార్యవర్గం, ఫొటోలు బోర్డు ఫొటోల కింద ఎందుకు పెట్టారని ఇంకొకరు. బతుకమ్మ ఫ్లయర్‌లో ఒకసారి, సూటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ, ఇళ్లు అమ్మిపెట్టే రియల్టర్ గారి నిలువెత్తు ఫొటో బతుకమ్మ కంటే పొడుగు వచ్చింది. కుదించాను. మళ్లీ పెంచమన్నారు. చివరికి కార్యక్రమం ఏమిటి, ఎక్కడ, ఎన్నింటికి అన్న మూడు ముక్కలకీ బొటనవేలంత చోటు మిగిలింది.

పని ఎక్కువని నా బాధ కాదు. ఇందులో తెలుగు ఎక్కడుందో చూడండి, నా గోల అది. తెలుగు అక్షరాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టడం ఇవాళ్టికీ కొంచెం తెలిసినవాళ్లు చేయాల్సిన పనే. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కంపోజర్ సెట్టింగు మార్చకుండా తెలుగు పేస్ట్ చేశారనుకోండి, ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ విడిపోయి ‘క్’ పక్కన ‘ష’ వచ్చి కూర్చుంటుంది. వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒకటుంది, దాన్ని ఎంచుకుంటే ఒత్తులు మళ్లీ వాటి చోటికి వస్తాయి. ఒక్క క్లిక్కు. కానీ ఫైలు తయారుచేసేవాడికి తెలుగు చదవడం రాకపోతే, విరిగిందని తెలిసేదెలా? ఇక ఇండియా నుంచి అను అనే పాతతరం ఫాంట్లలో టైపు చేసి పంపిన కవితలూ సందేశాలూ ఇక్కడి ప్రింటు షాపులో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో ఎగిరిపోయిన పొల్లులూ ఒత్తులూ వెతికి దిద్దాలి. సంఘం ప్రత్యేక సంచిక, అదే సావనీర్, వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు రాత్రంతా కూర్చుని ఈ పని చేశారనే అర్థం. వాళ్ల పేరు మీరెప్పుడైనా చదివారా?

అవతలి పక్క కూడా చెప్పాలి. నేను అట్లాంటా నడిబొడ్డున మిడ్‌టౌన్‌లో డిజైనర్ల మధ్య కూడా తిరుగుతాను. క్రియేటివ్ మార్నింగ్స్ అని, 2008లో న్యూయార్క్‌లో టీనా రాత్ ఐసెన్‌బర్గ్ మొదలుపెట్టినది, మన ఊళ్లోనూ ఉంది. నెలకోసారి పొద్దున్నే కాఫీ, ఒక ప్రసంగం, టికెట్ లేదు. 1914లో పుట్టిన డిజైనర్ల సంస్థ ఏఐజీఏకీ ఇక్కడ శాఖ ఉంది. ‘ముందు చేసి చూపించండి, నచ్చితే చూద్దాం’ అనే పనిని డిజైనర్లు ఒప్పుకోకూడదని ఆ సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. అలాంటి చోట్ల నేనూ పోస్టర్లు చేస్తాను, తలుపు దగ్గర నిలబడి పేర్ల స్టిక్కర్లు పంచుతాను. అక్కడా వాలంటీర్లకి పైసా ఇవ్వరు, దాచడం ఎందుకు. కాకపోతే ఏం కావాలో ముందే రాసి ఇస్తారు. అవుననో కాదనో చెప్పే మనిషి ఒక్కరే ఉంటారు. కింద మూలన చిన్నగానైనా నా పేరు ఉంటుంది.

ఒకసారి అక్కడి లెటరింగ్ మిత్రులకి తెలుగు అక్షరాలు చూపించాను. మనం బలపం పట్టి దిద్దిన ‘అ’ మీద వాళ్లు అరగంట కూర్చున్నారు. మన ఊళ్లో బెల్ట్‌లైన్ అనే నడకదారి వెంట గోడల మీద బొమ్మలు వేసే ఒకాయన ఇంకో అక్షరం తలకట్టు దగ్గర ఆగిపోయాడు. ‘ఇక్కడ కలం లేపుతారా, లేక కింద నుంచి అలాగే తీసుకెళ్తారా?’ అని అడిగాడు. తెలుగు ముక్క రాని మనిషి అడిగిన ఆ ప్రశ్న ఇన్నేళ్లలో మన సంఘాల్లో ఒక్కరూ నన్ను అడగలేదు.

అలాగని వాళ్లు గొప్ప, మనం తక్కువ అని తేల్చేయలేను. నాకు ఆపరేషన్ అయినప్పుడు పూటపూటా క్యారేజీ తెచ్చిచ్చింది మన సంఘంవాళ్లే. డైమండ్ లోగో గురించి గొడవపడ్డావిడే చారు, పొడికూర, పెరుగు విడివిడిగా సర్ది తెచ్చింది. మిడ్‌టౌన్ మిత్రులు కార్డు పంపారు. చాలా చక్కటి కార్డు, చేత్తో గీసి మరీ.

ఈ పనికి డబ్బులివ్వాలని నేనంటే, ‘సంఘంలో అందరూ ఊరికే చేస్తున్నారు, నీకొక్కదానికే ఎందుకు డబ్బులు’ అని మీరడిగితే అందులో న్యాయం ఉంది. వంట దగ్గర వడ్డించేవాళ్లు, పార్కింగ్‌లో ఎండలో నిలబడేవాళ్లు, అందరూ ఊరికే. కానీ డీజేకి ఇస్తున్నాం. సౌండ్‌కి ఇస్తున్నాం. ఆ రాత్రే చెత్తబుట్టలోకి వెళ్లే పూల అలంకరణకి ఇస్తున్నాం. హైదరాబాద్ నుంచి వచ్చే గాయకుడికి విమానం టికెట్టు, హోటలు, పారితోషికం అన్నీ ఇస్తున్నాం. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆన్‌లైన్‌లో బొమ్మలు కూర్చే ‘కాన్వాలో ఐదు నిమిషాల పని’ అంటాం.

మనవాళ్లకి అక్షరం పట్టదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా తెనాలిలో నాన్న కొట్టుకి బోర్డు రాయించినప్పుడు ఆర్టిస్టు ముందు సుద్ద పూసిన దారం లాగి గీతలు కొట్టాడు. గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు రాసి, ‘చూసుకోండి’ అని పక్కకి జరిగాడు. నాన్న ఒక్కో అక్షరం పైకి చదివి సరే అన్నాకే బ్రష్షు ముంచాడు. అడుగుకింత అని ముందే బేరం. బోర్డు కింది మూలన ఆయన పేరు, పక్కన ‘ఆర్ట్స్, తెనాలి’. ఇంట్లో పెళ్లయితే శుభలేఖ ప్రూఫు ముగ్గురు పెద్దలు దిద్దాకే అచ్చుకి వెళ్లేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నాయకుల మొహాలు పెద్దవయ్యాయి, అక్షరాలు మూలకి పోయాయి. మన ఫ్లయర్‌కి తాత ఆ ఫ్లెక్సీయే. దాన్ని మనం మాత్రం మర్చిపోకుండా వెంట తెచ్చుకున్నాం.

వెంట తెచ్చుకున్నవన్నీ అలాంటివే కాదులెండి. మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి అని ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్న తెలుగు ఖతులు మనలాంటి ప్రవాసులే కాలిఫోర్నియాలో పెట్టుకున్న సిలికానాంధ్ర విడుదల చేసినవి. రామభద్ర వంటివాటిని తీర్చిదిద్దినది పురుషోత్ కుమార్ గుత్తుల. ఆయన పేరు ఫాంటు పేజీలో స్పష్టంగా ఉంటుంది. ఒక తెలుగు సంస్థ తలుచుకుంటే అక్షరాల కోసం పూనుకోగలదు, చేసినవాడి పేరు చెప్పగలదు అనడానికి ఇంకేం కావాలి.

ఏఐ వాడొద్దని నేననను. కలశం, మామిడాకులు దాంతోనే గీయించుకోండి. అక్షరాలు మాత్రం దాన్ని అడగకండి. మండలితోనో రామభద్రతోనో టైపు చేసి పైన పెట్టండి, అచ్చుకి పంపే ముందు మనబడి టీచరు ఒకరికి చూపించండి. మన పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆర్ట్ పోటీలు పెట్టినప్పుడు చూస్తూనే ఉన్నాం. బహుమతి ఇచ్చి, ఫొటో తీసి, సోమవారం కోడింగ్ క్లాసుకి పంపించేస్తాం. ఎస్‌సీఏడీ లాంటి ఆర్ట్, డిజైన్ కాలేజీ ఊళ్లోనే ఉంది. అక్కడ చదివే మన పిల్లల్ని పిలిచి సావనీర్ చేతికివ్వండి, వాళ్ల పేరు వేయండి. బడ్జెట్ పెద్దది అక్కర్లేదు, పూలకి పెట్టినదాంట్లో కొంత చాలు.

దసరాకి హాలు బుక్ అయిపోయిందని విన్నాను. కమిటీల జాబితా ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. ఫుడ్, పార్కింగ్, రిజిస్ట్రేషన్, కల్చరల్ అని రాసే చోట కింద ‘డిజైన్, తెలుగు ప్రూఫు’ అని ఇంకో వరుస కలపండి. మొదటి ఏడాది ఆ వరుసలో నా పేరు రాసుకోండి, ఊరికే చేస్తాను. రెండో ఏడాది నుంచి ఎవరు చేసినా డబ్బులివ్వాలి. ఆ సంగతి ఈ ఏడాది బడ్జెట్‌ మీటింగు మినిట్స్‌లోనే రాసిపెట్టండి. ఫ్లయర్‌కి సమాచారం మాత్రం కనీసం రెండు వారాల ముందు పంపండి, టైపు చేసి.